ఇరవై మూడో తాడు

మార్చి 26, 2020, గురువారం

నిన్నటి ఉగాది పచ్చడిలో వగరు లేదు. వేపపువ్వుకు లోటు రాలేదు, పక్కింటి కొమ్మ మా డాబా మీదికి వంగి ఇచ్చింది. మామిడి పిందె మాత్రం ఎక్కడా దొరకలేదు. ఐదు రుచులతో సరిపెట్టుకుని ఇరవై ఒక్క రోజుల కరోనా లాక్‌డౌన్‌లో మొదటి రోజు దాటించాం.

రాత్రి మావయ్య మళ్లీ నిద్రపోలేదు. రెండింటికి మంచినీళ్ల కోసం లేచి చూస్తే వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. "ఆ స్పాంజి పరుపు మీద పడుకుంటే వీపు కింద పొయ్యి పెట్టినట్టు ఉందమ్మా" అన్నారు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. చీపురుపల్లి దగ్గరి పల్లె వదిలి విజయనగరంలో మా తోటపాలెం ఇంటికి వచ్చి రెండేళ్లయింది. అత్తయ్య పోయాక మా ఆయన పట్టుబట్టి తీసుకొచ్చారు. ఎడ్లను అమ్మేశారు, పొలాన్ని కౌలుకిచ్చారు. ఆనాటి నుంచి తండ్రీకొడుకుల మాటలన్నీ నా మీదుగానే నడుస్తున్నాయి. "మీ ఆయనకు చెప్పమ్మా" అని ఒకరు, "నాన్నను అడుగు" అని ఒకరు. పోస్టాఫీసుకైనా ఆదివారం సెలవుంటుంది.

మావయ్యతో పాటు ట్రాక్టరులో వచ్చిన నులక మంచం పెరట్లో గోడకు ఆనించి ఉంది. నులకను ఎలుకలు కొట్టేశాయి. ఒక మూల మాత్రం పాత అల్లిక చెక్కుచెదరలేదు. నవారు కొని అల్లిద్దామంటే దుకాణం తెరవరు, నిత్యావసర సరుకుల జాబితాలో నవారు లేదు. నులక అయితే మామూలు రోజుల్లోనే దొరకడం మానేసింది.

మనమే చేద్దాం అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మా ఆయన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు గంటస్తంభం దగ్గర తాళం వేసి ఉంది, నా ఫ్యాక్టరీ లెక్కలు రోజుకు రెండు గంటల పనికి తగ్గిపోయాయి, పిల్లలిద్దరూ ఫోను కోసం కొట్టుకుంటున్నారు. పాత లెడ్జరులో ఖాళీ పేజీలు ఉన్నాయి, వాటిలో రాస్తున్నాను. పని: మావయ్యకు మంచం. గడువు: ఏప్రిల్ 14.

మార్చి 28, శనివారం

ఉదయం తొమ్మిదింటికి దూరదర్శన్‌లో పాత రామాయణం సీరియల్ మళ్లీ మొదలైంది. మావయ్యకు హిందీ రాదు. కథ వచ్చు కాబట్టి పాత్రల కంటే ఒక మాట ముందే ఉంటారు.

అది అయ్యాక మంచం విప్పాం. మంచం కాళ్లు, అంటే నాలుగు కోళ్లూ, మద్ది కర్రవి, సుత్తితో కొడితే గంటలా మోగాయి. చుట్టూ చట్రం పట్టెలు ఆరడుగులవి రెండు, మూడడుగులవి రెండు. పొడుగు పట్టెల్లో ఒకదాన్ని గోటితో గీస్తే పిండి రాలింది. చెదలు. పైన తోలు మాత్రమే మిగిలి లోపలంతా బోలు.

వడ్రంగి రాడు, కలప అడితీ తెరవదు. ఇల్లంతా వెతికి చివరికి అందరూ డాబా మీద బట్టల తీగకు ఊతంగా పెట్టిన సరుగుడు వాసం దగ్గర ఆగారు. మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తీరం పొడుగునా సరుగుడు తోటలే కనుక మాకు వాసమంటే సరుగుడే. గట్టిది, తిన్ననిది, మూడేళ్లుగా ఎండి ఉంది. తడి బట్టల బరువుకు తీగ నేలకు తగులుతుందని నేను అభ్యంతరం చెప్పాను. లాక్‌డౌన్ అయిపోగానే కొత్తది తెస్తామన్నారు. ఈ మాట తేదీతో సహా ఇక్కడ రాసి పెడుతున్నాను.

కోడులో బెజ్జం నలుచదరంగా ఉంది. పట్టె కొసన అందులో దూరే కుసి కూడా నలుచదరంగా చెక్కాలి. మావయ్య బాడిసతో ఒక కొస చెక్కి చూపించారు. రెండో కొస మా ఆయన అందుకుని, ఓపిక లేక, గుండ్రంగానే దించేశారు. దూరింది, కదల్లేదు. మావయ్య చూశారు, ఏమీ అనలేదు. నా మీదుగా కూడా ఏమీ పంపలేదు.

మార్చి 30, సోమవారం

నార మా అటక మీదే ఉంది! మావయ్య తన చివరి గోగు పంటలోంచి రెండు కట్టలు పల్లె నుంచి తెచ్చుకున్నారట. ఆ గోనెమూటను పాతబట్టలనుకుని రెండు దీపావళులకూ పారేయబోయి బద్ధకించాను. బద్ధకానికి జై.

పిల్లలకు గోగంటే గోంగూర వరకే తెలుసు. మావయ్య అరుగు మీద కూర్చుని చెప్పుకొచ్చారు. వానలతో పాటు విత్తుతారు. మనిషిని మించి పెరుగుతుంది. పూత మీద ఉండగా కోసి, కట్టలు కట్టి, ఆకు రాల్చి, చెరువులో ముంచి పైన బరువు పెడతారు. రెండు మూడు వారాలు ఊరాలి. తక్కువ ఊరితే నార బెరడును వదలదు, ఎక్కువ ఊరితే కుళ్లి పీచుపీచు అవుతుంది. రోజూ ఒక కాడ తీసి వేలితో ఒలిచి చూస్తుండాలి. తర్వాత నడుం లోతు నీళ్లలో నిలబడి ఒలవాలి. "ఆ నెల రోజులూ నా దగ్గర వచ్చే కంపుకు మీ నాన్నమ్మ నన్ను అరుగు మీదే పడుకోబెట్టేది. ఈ మంచం మీదే" అన్నారు. విజయనగరం చుట్టుపక్కల గోనె మిల్లులు వెలిసింది ఈ నారను నమ్ముకునే. ధర గిట్టుబాటు కాక ఒక్కొక్కరే మానేశారు, మావయ్య ఆలస్యంగా మానేసినవారిలో ఒకరు.

స్ప్రింగు కాటాకు వేలాడదీస్తే 6 కిలోల 400 గ్రాములు.

మా అమ్మాయికి రేపటి నుంచి పదో తరగతి పరీక్షలు ఉండాలి. వాయిదా పడ్డాయి, ఎప్పటికో తెలియదు. చదవమంటే ఏడుపు, వద్దంటే అనుమానం. ఒక లెక్క ఇచ్చాను: ఎంత తాడు కావాలి? మిగిలిన మూలలో కొలిచింది. ఒక దిక్కున పది సెంటీమీటర్లకు ఏడు పేటలు. అల్లాల్సిన జాగా 152 సెంటీమీటర్లు పొడుగు, 84 వెడల్పు. ఒక దిక్కుకు 89 మీటర్లు, రెండు దిక్కులకు 178. అడ్డుతాడుకు, బిగింపుకు, అతుకులకు కలిపి 30. మొత్తం 208 మీటర్లు. నేను సరిచూసి సంతకం పెట్టాను. (ఈ సంతకం గురించి తర్వాత రాయాల్సి వచ్చింది.)

ఏప్రిల్ 1, బుధవారం

యంత్రం తయారైంది. పాత ఇనుప బకెట్ల కడ్డీలు రెండు తీసి మా ఆయన ఒక్కోదాన్ని ఒక చివర కొక్కెంలా, మరో చివర మెట్టులా వంచారు. వాటిని రెండు రంధ్రాలున్న పలకలోంచి దూర్చి, మెట్టు చివరలను మరో పలకకు గుచ్చారు. వెనక పలకను రెండు చేతులతో పట్టుకుని తిరగలిలా తిప్పితే రెండు కొక్కేలూ ఒకేసారి, ఒకే వైపు తిరుగుతాయి. ముందు పలకను డాబా పిట్టగోడకు కట్టేశారు. అవతలి చివరకు పాత టేబుల్ ఫ్యాను బేరింగుతో ఇంకో కొక్కెం.

డాబా పొడుగు నలభై అడుగులు. ఆ దూరంలో పేనితే ఒక్కో తాడు పదిమీటర్ల చిల్లర వస్తుందని మావయ్య అంచనా. అలాంటివి ఇరవై రెండు. మనుషులు ఆరడుగుల దూరంలో ఉండాలని ప్రభుత్వం అంటోంది, తాడు నలభై అడుగులు అడుగుతోంది.

ఏప్రిల్ 2, గురువారం

శ్రీరామనవమి. గుడికి వెళ్లలేదు. బిందెడు పానకం కలిపాను, తాగేవాళ్లు ఐదుగురం. అలవాటు కొద్దీ కలిపాను.

సాయంత్రం ఎండ తగ్గాక మొదటి తాడు. పద్ధతి ఇది. నారను ముందు నీళ్లు చిలకరించి మెత్తపరచాలి, నానబెట్టకూడదు. ఇద్దరు మనుషులు చెరో నార చుట్టను నడుముకు కట్టుకుని, చెరో కొక్కేనికి కొస తగిలించి, వెనక్కి నడుస్తూ వేళ్ల సందుల్లోంచి నారను వదులుతూ పోవాలి. ఇవతల మా చిన్నవాడు పలక తిప్పుతుంటే పోగుకు వడి, అంటే మెలి, ఎక్కుతుంది. రెండు పోగులూ అవతలి చివరకు చేరాక రెండింటినీ బేరింగు కొక్కేనికి తగిలించి కొంచెం వదలాలి. పోగులకు ఎక్కిన వడి విడిపోవాలని చూస్తుంది, ఆ తొందరలో ఒకదాన్నొకటి ఎదురు వైపు చుట్టేసుకుంటాయి. ఒక వైపు వడిని మరో వైపు వడి పట్టుకుంటుంది కాబట్టి తాడు విడిపోదు. తొమ్మిదేళ్ల నుంచి నలభై ఒక్క ఏళ్ల దాకా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు.

వెనక్కి నడిచింది మావయ్య, మా ఆయన. పక్కపక్కన. మావయ్య వేళ్లలోంచి నార సన్నని ధారలా జారుతోంది, మా ఆయన చేతిలోంచి ముద్దలుగా పడుతోంది. వేగాలు కలవలేదు, బిగువులు కలవలేదు. తీరా రెండు పోగులూ కలిపాక వచ్చింది తాడు కాదు. మావయ్య పోగు కర్రలా తిన్నగా నిలబడింది, మా ఆయన పోగు దాని చుట్టూ పాములా పాకింది. అలాంటి దాని మీద బరువు పడితే తిన్నగా ఉన్న పోగు ఒక్కటే మోస్తుంది, అది తెగితే అంతా తెగినట్టే.

"మీ ఆయనకు చెప్పమ్మా, ఆ పోగు లాగి పట్టుకోవాలని."

నేను నలభై అడుగుల ఇవతల చిన్నవాడి పక్కన ఉన్నాను. వినపడలేదన్నాను. నిజానికి వినపడింది.

ఏప్రిల్ 3, శుక్రవారం

మా ఆయన డ్రిల్లింగ్ మిషను తెచ్చారు. చేత్తో పావుగంట పట్టే వడి అర నిమిషంలో ఎక్కుతుందట. ఎక్కింది. ఆపే లోపల ఇంకా ఎక్కింది. పోగు దారి పొడుగునా మెలికలు లేచి, జెర్రిపోతుల్లా ముడుచుకుని, ఒక చోట ఫట్‌మని తెగి మా అమ్మాయి చెంపకు తగిలింది. చిన్న గీత. మిషను కిందికి వెళ్లిపోయింది.

విప్పిన నారను పారేయలేదు, దువ్వి మళ్లీ కట్టలో కలిపాం.

ఏప్రిల్ 5, ఆదివారం

తాడు 1. బరువు 240 గ్రాములు, పొడుగు పదిమీటర్ల ఇరవై సెంటీమీటర్లు.

ఎలా కుదిరిందంటే, మావయ్య అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "ఒకటి... రెండు... ఆపు. లాగు. కొంచెం వదులు. మూడు." నాకు చెప్పడానికి వ్యవధి లేదు. నాకు చెప్పి, నేను చెప్పి, ఆయన విని చేసేసరికి పోగు పోతుంది. తిన్నగా పక్క మనిషికే చెప్పాల్సి వచ్చింది. మా అమ్మాయి రెండు గాళ్లు కోసిన చెక్కముక్కను పోగుల మధ్య పెట్టి మెల్లగా జరుపుతూ వచ్చింది. దాని వెనకాలే తాడు పుట్టుకుంటూ వచ్చింది.

రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టాం. డాబాల మీద నుంచి ఊరంతా కనిపించింది. దీపం పక్కన మావయ్య అరచేతుల మధ్య నార పేనుతూనే ఉన్నారు. ఆయన చేతులకు వెలుతురుతో పని లేదు.

ఏప్రిల్ 7, మంగళవారం

తాళ్లు 2, 3, 4.

ఈ పేజీ తాడు గురించి కాదు. మూడు పూటలా ఐదుగురికి వంట, మధ్యలో టీ రెండుసార్లు, పానకం ఒకసారి, నిమ్మరసం అడిగినన్నిసార్లు. కూరగాయలకు తెల్లవారుజామున మైదానానికి వెళ్లి సున్నపు గళ్లలో నిలబడేదీ నేనే. ఇంట్లో అందరూ ఉన్నారంటే ఇంట్లో అందరికీ పని ఉందని కాదు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా వంటగదిలోకి నేను రానని, డాబా మీద వెనక్కి నడిచే వంతు నాకూ కావాలని చెప్పాను. మా ఆయన ఉప్మా చేశారు. రవ్వ వేయించలేదు. మావయ్య రెండుసార్లు పెట్టించుకున్నారు. నా వంటను ఏనాడూ అలా అడగలేదు.

ఏప్రిల్ 11, శనివారం

తాళ్లు 5 నుంచి 9. వీటిలో మూడు నావి.

చెయ్యి తిరిగితే గానీ తెలియని సంగతులు కొన్ని. కొత్త పాయను కలిపేటప్పుడు పాత పాయలన్నీ ఒకే చోట అయిపోకుండా చూసుకోవాలి, లేకపోతే అక్కడ తాడు సన్నబడుతుంది. నార మొదలు వైపు మందం, చివర సన్నం. మొదలుకు చివర జతచేస్తే మందం సమానంగా వస్తుంది. ఎడమచేయి వదులుతుంది, కుడిచేయి బిగువు పట్టుకుంటుంది. చూపుడువేలి పక్కన నాకు బొబ్బ లేచి చితికింది. మావయ్య వేళ్ల మీద అదే చోట గట్టి కాయ ఉంది. ఇన్నేళ్లూ దాన్ని అన్నం వడ్డించేటప్పుడు చూశాను, ఎందుకు వచ్చిందో అడగలేదు.

అమ్మాయి సప్తగిరి ఛానల్‌లో పదో తరగతి పాఠాలు చూస్తోంది. చూస్తూ నార దువ్వుతోంది. ఏది ఎక్కువ జరుగుతోందో కనిపెట్టలేకపోతున్నాను.

ఏప్రిల్ 14, మంగళవారం

మా గడువు. తాళ్లు 13.

ఉదయం ప్రధాని మాట్లాడారు. లాక్‌డౌన్ మే 3 దాకా. మా గడువునూ అక్కడికే జరిపాను. లెడ్జరులో కొట్టివేత లేకుండా పక్కన రాశాను, లెక్కలవాళ్ల అలవాటు.

నా జీతం సగమే పడింది. మా ఆయన కొట్టు అద్దె మాత్రం పూర్తిగా కట్టాలి. రాత్రి ఈ విషయమై మాటామాటా పెరిగింది, పొద్దున్న తాడు ముట్టలేదు. సాయంత్రం చిన్నవాడు పలక పట్టుకుని డాబా మీద ఒక్కడే తిప్పుతూ కూర్చున్నాడు. కొక్కేలు ఖాళీగా తిరుగుతున్నాయి. చూసి ఇద్దరం పైకి వెళ్లాం.

ఏప్రిల్ 19, ఆదివారం

ఇరవై రెండు!

నార 400 గ్రాములు మిగిలింది. మావయ్య దాన్ని చుట్టి మళ్లీ అటక ఎక్కించారు.

ఏప్రిల్ 21, మంగళవారం

నిన్నా ఇవాళా అతుకులు. ముడి వేస్తే నిద్రలో వీపుకు గుచ్చుకుంటుంది కాబట్టి ముడి లేకుండా కలపాలి. రెండు తాళ్ల కొసలనూ మూరెడు మేర విప్పి, ఎదురెదురుగా పెట్టి, పాయ మీద పాయగా అరచేతిలో మళ్లీ పేనాలి. ఇరవై ఒక్క అతుకులు. అవన్నీ మావయ్యే వేశారు, ఒకటి మాత్రం నాచేత వేయించి, దాన్ని గుర్తుపట్టి, విప్పి మళ్లీ వేశారు. కొలిస్తే 210 మీటర్లు. అమ్మాయి లెక్క 208. ఆమె మొహం చూడాలి.

తాడు మీద లేచిన నూగును గోనెముక్కతో బిగించి పట్టి రుద్దాం. పొట్టు ఇల్లంతా. అందరికీ తుమ్ములు. ఈ రోజుల్లో తుమ్మితే పక్కింటివాళ్లు కిటికీ వేసుకుంటున్నారు. గోడ మీదుగా సంగతి చెప్పాల్సి వచ్చింది.

ఏప్రిల్ 22, బుధవారం

అల్లిక మొదలు. కాళ్లవైపు పట్టెకు జానెడు ఇవతల, రెండు పొడుగు పట్టెల మధ్య తాడును నాలుగు చుట్లు తిప్పి అడ్డుతాడు కట్టారు. అల్లిక అక్కడితో ఆగుతుంది. ఆ జానెడు జాగాలో తర్వాత బిగింపు తాడు వస్తుంది. మంచం సాగినప్పుడల్లా మొత్తం విప్పక్కర్లేకుండా దాన్ని లాగి కట్టుకుంటే చాలు. ఈ ఏర్పాటు కనిపెట్టినవాడికి నమస్కారం.

అల్లేటప్పుడు తాడు కొసను దూర్చరు, మడతను దూర్చుతారు. ఒక్కసారి లాగితే రెండు పేటలు పడతాయి. రెండు పైన, రెండు కింద, మూల నుంచి మూలకు ఏటవాలుగా. ఒకరు మడత అందించాలి, ఒకరు లాగాలి, ఒకరు పట్టె మీద పడిన పేటను కర్రతో కొట్టి దగ్గరికి జరపాలి. కూర్చుని చేసే పని అనుకున్నాను, వంగి చేసే పని.

ఏప్రిల్ 25, శనివారం

ఇంతవరకు ఒక్క కేసూ లేని శ్రీకాకుళం జిల్లాలో పాతపట్నం మండలంలో కేసులు బయటపడ్డాయని వార్త. అటు మా అక్క అత్తవారి ఊరు. మూడుసార్లు ఫోను చేశాను. బాగానే ఉన్నారు, ఇంటి బయటికి రావడం లేదట.

మధ్యాహ్నం సగం అల్లిక దాటాక మావయ్య ఆగిపోయి ఒక చోట వేలు పెట్టారు. నిన్న పొద్దున్న వేసిన వరసలో రెండు పైన పోవాల్సిన చోట మూడు పోయాయి. నాకు చూపించినా కనిపించలేదు. మా ఆయన వదిలేద్దామన్నారు, దుప్పటి కింద ఎవరు చూస్తారని. "చూడ్డానికి కాదురా. ఆ సందు దగ్గర తాడు వదులవుతుంది. వదులు పక్క సందుకు పాకుతుంది. ఆర్నెల్లలో నడుం కింద గుంట పడుతుంది" అన్నారు మావయ్య.

కొడుకును నేరుగా "రా" అన్నారు. ఇంట్లో అందరూ విన్నారు, ఎవరూ విననట్టు ఉన్నారు.

ఒకటిన్నర రోజు పని విప్పాం. ఆ వరస నేను వేసిందే. ఆ సంగతి ఇక్కడ మాత్రమే రాస్తున్నాను.

ఏప్రిల్ 27, సోమవారం

తాడు బిగువు పెరిగేకొద్దీ కొత్త పట్టె మెల్లగా లోపలికి తిరిగిపోతోంది. గుండ్రటి కుసి! నలుచదరపు బెజ్జంలో అది తిరగక ఏం చేస్తుంది. వేసిన పేటలన్నీ దాంతోపాటు ఒరిగి ఒక పక్క వదులైపోయాయి. మా ఆయన తలవంచుకుని కిందికి వెళ్లి డ్రిల్లింగ్ మిషను తెచ్చారు. కోడులోంచి కుసిలోకి తిన్నగా ఒక రంధ్రం. అందులోకి మావయ్య వెదురు చీల చెక్కి సుత్తితో దించారు. పట్టె ఆగిపోయింది. మిషనుకు ఇంట్లో పరువు తిరిగొచ్చింది, పాక్షికంగా.

ఏప్రిల్ 30, గురువారం

అల్లిక పూర్తి. తాడు కూడా పూర్తి. బిగింపు తాడుకు మిగిలింది మూరెడు, కావాల్సింది ఎనిమిది మీటర్ల పైన.

అమ్మాయి లెక్కల కాగితం తెచ్చి అరగంట చూసి గోడకు తల ఆనించింది. జాగా లెక్కవేసింది గానీ, ప్రతి పేటా వెనక్కి తిరిగేటప్పుడు పట్టెను చుట్టి వస్తుందని మరిచిపోయింది. ఒక్కో చుట్టూ బెత్తెడే, అలాంటివి రెండు వందలకు పైన. సరిచూసి సంతకం పెట్టింది నేను. పదహారేళ్ల అనుభవం. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు, తర్వాత నవ్వాం.

ఇంకో తాడు పేనాలి. రేపు సాయంత్రం అందరం పైకి వెళ్దామనుకున్నాం.

మే 1, శుక్రవారం

తెల్లవారుజామున పాల ప్యాకెట్లకు లేచేసరికి డాబా మీద మాటలు. మెట్ల దాకా వెళ్లి ఆగాను. చీకటి ఇంకా పోలేదు. పిట్టగోడ దగ్గర మా ఆయన పలక తిప్పుతున్నారు, మావయ్య వెనక్కి నడుస్తున్నారు. చిన్నవాడు లేడు, నేను లేను. అమ్మాయి చెక్కముక్క నేల మీద ఉంది.

"నాలుగు చుట్లు తిప్పి ఆపు."

"ఎక్కలేదు నాన్నా, ఇంకా కావాలి."

"నాకు చేతికి తెలుస్తుందిరా."

"నాకూ తెలుస్తోంది."

కాసేపు కడ్డీల కిర్రు. తర్వాత మావయ్య, "సరే, ఇంకో రెండు" అన్నారు. తర్వాత ఎడ్ల మాట వచ్చింది. కొన్న రైతు వాటిని బాగా చూసుకుంటున్నాడా అని అడిగారు. చూసుకుంటున్నాడని, సంక్రాంతికి వెళ్లి చూశానని మా ఆయన చెప్పారు. సంక్రాంతికి వెళ్లిన సంగతి నాకూ తెలియదు.

పాలు తేవడానికి వెళ్లిపోయాను.

తాడు 23. బరువు 255 గ్రాములు. కొంచెం వడి ఎక్కువైంది. ఎవరి మాట నెగ్గిందో దాన్ని బట్టి చెప్పొచ్చు.

సాయంత్రం బిగింపు కట్టాం. మావయ్య నడుం వాల్చి, ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగి, వేలితో నులకను మీటారు. డోలు శబ్దం. ఏడున్నరకే నిద్రపోయారు. వరండాలో టీవీ కట్టేశాం. అన్నానికి లేపాలా వద్దా అని చర్చ జరిగింది.

మే 7, గురువారం

తెల్లవారుజామున విశాఖలో గ్యాసు లీకు. ఆర్.ఆర్. వెంకటాపురం దృశ్యాలు టీవీలో చూడలేకపోయాం. గోపాలపట్నంలో మా ఆయన పెద్దమ్మ కొడుకు కుటుంబం ఉంది. పదింటికి ఫోను కలిసింది, మేఘాద్రిగెడ్డ వైపు ఉన్న బంధువుల ఇంటికి వెళ్లిపోయారట. రాష్ట్రంలో అన్ని జిల్లాల కంటే చివరిదాకా కేసు లేకుండా ఉన్న మా జిల్లాలోనూ కేసులు వచ్చాయి.

రాత్రి చిన్నవాడు తాత పక్కన మంచం మీద పడుకుంటానన్నాడు. ఇద్దరికీ పట్టింది.

మే 17, ఆదివారం

లాక్‌డౌన్ మళ్లీ పొడిగించారు, నెలాఖరు దాకా.

నులక రెండు వేళ్ల మేర సాగింది. కొత్త తాడు సాగక తప్పదు, ముందే చెప్పారు. బిగింపు విప్పి, మా ఆయన పట్టెకు కాలు తన్ని లాగుతుంటే మావయ్య ఒక్కో చుట్టునూ అందుకుని కట్టారు. ఐదు నిమిషాల పని, పదిహేను నిమిషాల వాదన. నేను బియ్యం ఏరుతూ విన్నాను. నా పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఖర్చు: నార ఇంటిదే. కడ్డీలు, బేరింగు, వెదురు ఇంటివే. సరుగుడు వాసం ఒకటి. బట్టల తీగ ఇవాళ కూడా నేలకు తగిలింది. మా ఆయన పంచె అంచంతా మట్టి. కొత్త ఊతకర్ర ఎప్పుడని అడిగితే, మార్కెట్టు తెరవనీ అన్నారు. మావయ్యను అడిగాను. "మీ ఆయన చెప్పాడు కదమ్మా" అన్నారు.